నీళ్లెంత వేడిగా ఉండేవి?

సత్యవతీ,

మన రాగి బాయిలర్‌కి కరెంటు పెట్టించి పది రోజులైంది. చక్కెర జబ్బుతో నా చేతులు మొద్దుబారాయని నీకు తెలుసుగా. వేడి తెలియక, కిందటి నెల మరిగిన నీళ్లు భుజం మీద పోసుకున్నాను. అమ్మాయి హడలిపోయి, మోటార్లు బాగుచేసే అప్పన్నని పిలుచుకొచ్చింది. అతను నీళ్లలోకి కాయిల్ దింపి, పక్కన గుండ్రటి మీట ఒకటి బిగించాడు. దాని చుట్టూ గీతలున్నాయి. ఏ గీత దగ్గర పెడితే, నీళ్లు అంత వేడెక్కగానే కరెంటు దానంతటదే ఆగిపోతుందట.

"ఎంత ఏడి కావాలో సెప్పండి మేస్టారూ, అక్కడెట్టేస్తాను," అన్నాడు.



"అమ్మ ఎంత కాచేది నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

"సరిపడా," అన్నాను.

ముప్ఫై ఏళ్లు నువ్వు తోడిన నీళ్లు పోసుకున్నవాడికి అంతకుమించి తెలియలేదు. నువ్వు బాయిలర్‌కి మోచెయ్యి ఆనించి చూసి, చన్నీళ్లు కలిపి, "నీల్లు తోడేసినాను, రండి," అని కేకేసేదానివి. నేను వచ్చి పోసుకునేవాణ్ణి. బాగాలేవని ఏనాడూ అనలేదు. బాగున్నాయనీ అనలేదు.

అప్పన్న మీటని మధ్య గీత మీద ఉంచి వెళ్లాడు. అప్పట్నుంచీ రోజుకో గీత జరిపి చూస్తున్నాను. ఇవాళ నీ ఆబ్దికం. తలస్నానానికి ఇంకో గీత జరిపాను.

అదీ కాదు.