నా సగానికి ముందు నీళ్లు పెట్టు

ఒరేయ్ తమ్ముడూ, లేవగానే మోటారు వేసి వేరుశనగకి నీళ్లు పెట్టు. ముందు చేలో నా సగానికి, తర్వాతే నీ సగానికి. కాయలు ఊరే సమయమిది, ఇప్పుడు తడి తప్పితే గింజ ముడుచుకుపోతుంది. అలాగని మోటారు వేసి మళ్లీ పడుకోకు, చాళ్లలో నీళ్లు నిలిస్తే కాయ కుళ్లుతుంది.

నేను వ్యవసాయాఫీసుకి వెళ్తున్నాను. ఇవాళ అక్కడ రైతుల ముందు మాట్లాడమని నిన్ను పిలిచారు కదా, నువ్వు రానక్కర్లేదు. నేనే మాట్లాడతాను.

నిన్న ఆఫీసరమ్మ రెండు సగాల్లోనూ ఒక్కో మొక్క పీకి చూస్తే నా దానికి నలభై రెండు కాయలు, నీ దానికి పంతొమ్మిది. "ఈ సగం ఎవరు చేశారు?" అని ఆవిడ అడిగితే, నా సగంలో నిలబడి ఛాతీ విరుచుకుని "నేనేనండీ" అన్నావు! పైగా "అక్కా, టీ పెట్టు" అని నన్ను లోపలికి తోలావు. దుక్కిలో పశువుల ఎరువు తట్టలకెత్తి మోసింది నేను. "పేడతో నూనెగింజలు పండుతాయా?" అని పగలబడి నవ్వింది నువ్వు. పూత మీద తడి ఇవ్వరా అంటే ఫోన్ చూస్తూ కూర్చున్నదీ నువ్వే. సిగ్గెలా వేయలేదురా?

సాయంత్రం ఆవిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అప్పుడే చెప్పలేదేమ్మా?" అంది. "నలుగురిలో వాడి మొహం చిన్నబోతుందని" అన్నాను. నా కోపం మాత్రం తగ్గలేదు, అది వేరే సంగతి.

ఇంకోటి. వచ్చే పంటకి నీ సగంలో వేయడానికి కూడా ఎరువు మాగబెట్టాను. పాక వెనక ఉంది.