గుసగుసల ఆట

గాజువాక,
మే 18.

బంగారు అక్కకి,

ఫోనుండగా మన ఇందుకి ఈ ఉత్తరాల పిచ్చి ఎక్కడ పట్టుకుందని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటావు. ఫోనుందక్కా. మాట్లాడటానికే చోటు లేదు. పోనీ రాత్రి చేద్దామన్నా, వాట్సాప్‌లో రాద్దామన్నా నీ ఫోను బావగారి చేతిలో ఉంటుంది. నా కష్టసుఖాలు ఆయన వార్తలు చదివినట్టు చదివి నీకు వినిపిస్తారు. అందుకని సత్య కోసం కొన్న నాలుగు గీతల పుస్తకంలోంచి కాగితాలు చించాను. పాపకి ఇంకా స్కూలు మొదలవ్వలేదు కానీ పుస్తకం అప్పుడే సగం పాతదైపోయింది.

మాది మేడ మీద ఒకే ఒక్క గది. దానికి ఆనుకుని వంటగది, రెంటికీ మధ్య తలుపు లేదు, నా పాత నీలం చీర కట్టాను. నీ మరిదికి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనని తెలుసుగా, కొత్తవాడు కదాని వరసగా రాత్రి డ్యూటీలే వేస్తున్నారు. పొద్దున్న ఏడున్నరకి వచ్చి, స్నానం చేసి, నాలుగు ఇడ్లీలు నోట్లో వేసుకుని ఎనిమిదిన్నరకల్లా పడుకుంటారు. అక్కడినుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆయనకి రాత్రి, మాకు పగలు. ఒకే గదిలో రాత్రీ పగలూ రెండూ ఉండాలంటే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే ఒకసారి రా.

మిక్సీ వెయ్యను. కుక్కరు విజిలు వేస్తుందని పప్పు తెల్లారకముందే ఉడికించేస్తాను. ఇనప తలుపు గడియ తీస్తే వీధంతా వినిపిస్తుంది కనుక మూడు దాకా బయటికి పోము. పోయినా ఎక్కడికి? కింద ఇంటివాళ్లు మెట్ల మీద ఆడనివ్వరు, వీధిలో ఆటోలు, నెత్తి మీద ఎండ. రోజూ కిటికీ చువ్వల మీద పేరుకున్న నల్లటి దుమ్ము తుడుస్తాను. అదొక్కటే చప్పుడు కాని పని.

ఈ నియమాలన్నీ ఆయన పెట్టినవి అనుకుంటావేమో, పాపం ఆయన ఒక్క మాట అనలేదు. ఊరినుంచి ఈ గదిలోకి వచ్చిన మూడోరోజు సత్య పొద్దుటినుంచీ పాటలే పాటలు. దాన్ని ఊళ్లో అంగన్‌వాడీ టీచరమ్మ "మైకు" అని పిలిచేది, గుర్తుందిగా. ఆయన నాలుగుసార్లు లేచి మంచినీళ్లు తాగి మళ్లీ పడుకున్నారు. మర్నాడు డ్యూటీ నుంచి మోచెయ్యీ మోకాలూ గీరుకుపోయి వచ్చారు. బండి డివైడరుకి తగిలిందట. "రెప్ప పడిందే ఇందూ, అంతే. కంగారు పడకు" అన్నారు. అంతేనట! ఆ రెప్ప ఇంకో క్షణం పడి ఉంటే?

అప్పుడు ఆట కనిపెట్టాను. గుసగుసల ఆట. నాన్న పడుకున్నప్పుడు ఎవరు పైకి మాట్లాడితే వాళ్లు ఓడిపోయినట్టు. సత్య గెలిచిన రోజు కేలండరులో ఆ తారీఖు పక్కన ఎర్ర చుక్క పెడతాను. పది రోజులైంది. పది చుక్కలూ దానివే.

దాన్ని చూసి గర్వపడాలో ఏడవాలో తెలియడం లేదు. నా గొంతుకి పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయని ఏడిపించేదానివి కదా. ఇప్పుడొచ్చి చూడు, ఆ కోళ్లన్నీ నా చుట్టూ నిద్రపోతాయి.

సాయంత్రం ఆయన డ్యూటీకి వెళ్తూ ఈ కవరు పోస్టు డబ్బాలో వేస్తారు. అంటించేశాను కనుక చదవరు.

నీ
ఇందు


గాజువాక,
మే 31.

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

ముందు పోతమ్మ గురించి చెప్తాను, ఆ తర్వాతది చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి. పోతమ్మ చేపలమ్మే మనిషి. అప్పికొండ వైపునుంచి వస్తుంది. రోజూ తొమ్మిదిన్నరకి తట్ట నెత్తినపెట్టుకుని "కానాగంతలోయ్! నెత్తళ్లోయ్!" అని వీధి మొదట్లో కేకేస్తే చివరింట్లో గిన్నె పట్టుకుని బయటికి వస్తారు. అంత గొంతు. నేను కిటికీలోంచి తాడు కట్టిన సంచి దింపి, ఎన్ని కావాలో వేళ్లు చూపిస్తాను. మొదటిరోజు అది మొహం పైకెత్తి, "ఏటమ్మా, ఈ ఇంట్లో అందరూ మూగోళ్లేటి?" అని అరిచింది. నోటి మీద వేలు పెట్టి చూపించాను. "ఓలమ్మ, పసిగుంట పడుకున్నాదా!" అని ఇంకా గట్టిగా అరిచింది. ఆయన లేవలేదు, అదృష్టం.

పసిగుంట పడుకోలేదక్కా. నా పక్కనే చువ్వలు పట్టుకుని నిలబడింది. పోతమ్మ కేకేసినప్పుడల్లా దానితోపాటే నోరు తెరుస్తుంది. మెడ నరాలు బిగుస్తాయి. చప్పుడు మాత్రం రాదు.

ఇక రెండోది. నిన్న స్కూల్లో పేరు రాయించడానికి వెళ్లాం. ఆయన డ్యూటీ దిగి నిద్ర మానుకుని మరీ వచ్చారు. సత్యకి రెండు జడలు వేశాను. హెడ్మాస్టారు మంచివాడే, పాపని దగ్గరికి పిలిచి, "నీ పేరేంటమ్మా?" అన్నారు. ఇది నా కొంగు పట్టుకుని లాగింది. వంగాను. చెవిలో నోరు పెట్టి, "ఇక్కడెవరు పడుకున్నారమ్మా?" అంది.

నా చేతులతో నేనే దాని పీక నొక్కినట్టనిపించింది.

"ఎవరూ పడుకోలేదు, చెప్పు తల్లీ" అన్నాను. ఆయన బతిమాలారు. హెడ్మాస్టారు చాక్లెట్ ఇచ్చారు. ఊహూ. చివరికి మాస్టారు కళ్లజోడు తీసి, "పాపకి మాటలొచ్చా అమ్మా? డాక్టరుకి చూపించారా?" అన్నారు. అదీ మన మైకుని! పన్నెండో తారీఖున స్కూలు తెరుస్తారట. ఆ రోజు తన పేరు తను చెప్తే ఒకటో తరగతిలో కూర్చోబెడతారు, లేకపోతే ఇంకో ఏడాది అంగన్‌వాడీలోనే ఉంచమన్నారు.

ఇంటికొచ్చాక మూడు దాటనిచ్చి, "ఆట అయిపోయిందమ్మా, ఇప్పుడు గట్టిగా మాట్లాడు" అన్నాను. "సరే" అంది. అదీ గుసగుసగానే. ఆయన దాని తల నిమిరి గోడవైపు తిరిగి కూర్చున్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కేలండరు తీసి బీరువా వెనక పడేశాను. సత్య వెతుక్కుని తెచ్చి, చుక్క పెట్టమని నా చేతికి ఎర్ర పెన్ను ఇచ్చింది.

నీ
ఇందు


గాజువాక,
జూన్ 3.

అక్కా,

ఆదివారం సత్యని తీసుకుని వచ్చేస్తున్నాను. దువ్వాడలో రైలెక్కి రాజమండ్రిలో దిగి బస్సులో వస్తాం. పిల్లని మీ ఊరి బడిలో చేర్పించు, నేను నీ దగ్గరే ఉండి నీ కుట్టుమిషను పనిలో సాయం చేస్తాను. కాపురం చేసుకోలేక పారిపోయి వచ్చిందంటారు. అననీ. అనేవాళ్లకి కనీసం నోరుంది.

ఆయనకి చెప్పలేదు. చెప్పాలంటే ఆయన మెలకువగా ఉన్న రెండు మూడు గంటల్లో చెప్పాలి. ఆ కాసేపట్లో ఆయన అన్నం తింటూ ముద్దముద్దకీ సత్య వైపు చూస్తూ ఉంటారు. ఎలా చెప్పను? ఆయన మీద నాకు కోపం లేదక్కా. కోపమున్నా బాగుండేది, ఎవరినో ఒకరిని తిట్టుకునేదాన్ని. పిల్ల మాట్లాడితే ఆయనకి నిద్రుండదు, ఆయన నిద్రపోతే పిల్లకి మాటుండదు. ఈ గదిలో ఇద్దరిలో ఒకరే బతకాలేమో. నేను చీర అవతల కూర్చుని రోజంతా ఇద్దరికీ కాపలా కాస్తున్నాను.

ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడవడం కూడా నేర్చుకున్నాను.

నువ్వు కాదనవని తెలుసు. కాదన్నా వస్తాను.

ఇందు


గాజువాక,
జూన్ 12.

మా అక్కకి,

ఈ కవర్లో రెండు ఉత్తరాలుంటాయి. మూడో తారీఖుది కూడా ఇందులోనే పెడుతున్నాను, నీకు అది అందనే లేదు కనుక. మొదట ఇది చదువు, లేకపోతే గుండె పట్టుకుని బస్సెక్కేస్తావు.

శనివారం పొద్దున్నే సంచీ సర్ది బియ్యం డబ్బా వెనక దాచాను. ఆయన పడుకున్నారు. తొమ్మిదిన్నరైంది, పదయింది, పోతమ్మ కేక లేదు. సత్య కిటికీ దగ్గర నిలబడి నన్ను చేత్తో పిలిచింది. చూస్తే పోతమ్మ కింద అరుగు మీద తట్ట దించుకుని కూర్చుని ఉంది. ఊరొదిలేసేముందు ఆ మనిషికి ఒక మాటైనా చెప్పి వెళ్దామనిపించింది. గడియకి కొబ్బరినూనె రాసి, మెల్లగా తీసి, పిల్లతో కిందికి దిగాను.

పోతమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. జలుబు చేసి గొంతు పోయింది. సత్య కళ్లు ఇంతింత చేసుకుని నా చెవిలో, "పోతమ్మ కూడా ఆట ఆడుతోందా?" అంది.

పోతమ్మకి వినపడింది. "ఆటేటే అమ్మా," అంది గరగరలాడుతూ, "నాను కేకెయ్యకపోతే సేపలొచ్చినాయని ఎవులికి తెలుత్తాది? ఎండెక్కితే పాడైపోతాయి. సేపలు గుడ్లెట్టే కాలమని ఇంజను బోట్లు ఆపేసినారు, మావోడు చిన్న తెప్ప మీదెల్లి తెచ్చినాడు. నువ్వు కేకెయ్యవేటి, నా తల్లివి కదూ?"

సత్య పోతమ్మని చూసింది, నన్ను చూసింది, పైన మా కిటికీని చూసింది. నేనూ కిటికీని చూశాను. ఆ పైన పడుకున్న మనిషి మోచేతి మీద దెబ్బ ఇంకా నల్లగానే ఉంది. కానీ రేపటినుంచి ఈ గదిలో ఆయన ఒక్కరే కదా, కావలసినంత నిద్ర. ఈ ఒక్కరోజుకి ఆయన లేస్తే లేవనీ అనుకున్నాను.

"కేకెయ్యి" అన్నాను.

మొదటిసారి పిట్ట కూసినట్టు వచ్చింది. రెండోసారి కొంచెం పెరిగింది. మూడోసారి మెడ నరాలు బిగిశాయి, "కానాగంతలోయ్!" అని వీధి చివర ఆటోవాడు కూడా తిరిగి చూసేట్టు వచ్చింది. అక్కా, గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు దిగారు. పోతమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతోంది. సత్య ఆగలేదు. పోతమ్మ చెయ్యి పట్టుకుని వీధంతా అరుచుకుంటూ తిరిగింది, నేను వెనకాల ఏడ్చుకుంటూ తిరిగాను.

గంట తర్వాత పైకి వెళ్లాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉంటారు, ఏం చెప్పాలా అనుకుంటూ చీర పక్కకి తీశాను. నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు. ఊళ్లో పెట్టేవారే, ఆ గురక. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి విన్నాను. ఇన్నాళ్లూ ఆయన గురక పెట్టలేదన్న సంగతి నాకప్పటిదాకా తట్టనేలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

సాయంత్రం అయిదుకి లేచారు. "ఇందాక పాప గొంతు విన్నట్టుందే. కలా?" అన్నారు. చేపలమ్మిందని చెప్పాను. నవ్వబోయి మొహం చేతుల్లో దాచుకున్నారు.

"నాకు నిద్రపట్టి నెల అయ్యిందే ఇందూ" అన్నారు. "ప్లాంటులో హోరు వింటూ వస్తాను. ఇక్కడ మీరిద్దరూ గుసగుసలాడుకుంటుంటే, నా మూలంగా ఎంత నలిగిపోతున్నారోనని చెవులన్నీ మీ మీదే. కళ్లు మూసుకుని పడుకునేవాణ్ణి, అంతే. ఆ బండి దెబ్బ పాప పాటల వల్ల కాదు, నాకు రాత్రుళ్లు అలవాటు లేక. ఇవాళ అది అరుస్తుంటే ఇంట్లో ఉన్నట్టనిపించింది. ఎప్పుడు నిద్దరోయానో తెలీదు."

"మరి ఒక్క మాట చెప్పలేదేమండీ?"

"మీరంత కష్టపడి చప్పుడు చెయ్యకుండా ఉంటే, నిద్ర పట్టట్లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చూశావా? మేము ఆయన నిద్ర కోసం నోళ్లు మూసుకున్నాం, ఆయన మా కోసం కళ్లు మూసుకున్నారు. నెలరోజులు ఒకే గదిలో.

అప్పుడాయన చొక్కా జేబులోంచి నా మూడో తారీఖు కవరు తీసి మంచం మీద పెట్టారు. అంటించింది అంటించినట్టే ఉంది. "చదవలేదు. నువ్వు రాస్తూ ఏడ్చింది విన్నాను. నాలుగు రోజులు పోస్టు డబ్బా దాకా వెళ్లాను, చెయ్యి రాలేదు" అన్నారు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నా ఉత్తరం ఆపడానికి మీరెవరని అరిచాను. నెల రోజుల అరుపులన్నీ ఒక్కసారే అరిచాను. కింద ఇంటివాళ్లు మెట్లెక్కి వచ్చి ఏమైందని అడిగారు. ఆయన తలదించుకుని అన్నీ విన్నారు, మధ్యలో ఒకసారి నవ్వారు కూడా. సత్య గుమ్మంలో నిలబడి, "అమ్మా, నువ్వు ఓడిపోయావ్!" అని గట్టిగా అరిచింది.

సంచీ విప్పేశాను. కుక్కరు విజిళ్లు వేస్తోంది. రాత్రి డ్యూటీలు ఎప్పుడు మారతాయో తెలియదు, గది ఒక్కటే, ఎండ అలాగే ఉంది. అవేమీ మారలేదు.

ఇవాళ స్కూలు తెరిచారు. హెడ్మాస్టారు మమ్మల్ని గుర్తుపట్టి, పాప ముందు వంగి, "ఏమ్మా, ఇవాళైనా నీ పేరు చెప్తావా?" అన్నారు. నా కొంగు లాగుతుందేమోనని చూశాను. లాగలేదు. నడుం మీద చెయ్యి పెట్టి, తల ఎత్తి, "నా పేరు శ్రీసత్యోయ్!" అంది, అచ్చం పోతమ్మలాగే. వరండాలో పిల్లలంతా తిరిగి చూశారు. మాస్టారి చేతిలో పెన్ను కింద పడింది.

"అబ్బో, వినపడిందమ్మా. కొంచెం మెల్లగా చెప్పాలి" అన్నారాయన నవ్వుతూ.

"వద్దు సార్," అన్నాను, "దానికి మెల్లగా అని మాత్రం చెప్పకండి." నా గొంతు కూడా వరండా అంతా వినపడింది.

సత్య పుస్తకంలో ఇక కాగితాలు చించను, దానికే కావాలి. ఇరవయ్యో తారీఖు పొద్దున్న పదింటికి ఫోను చేస్తాను. పక్కనే నీ మరిది నిద్రపోతూ ఉంటారు. గట్టిగానే మాట్లాడు.

నీ
ఇందు