మంచుగడ్డ కింద మేత

నాయనా,

నీ కూతురు నాగమణి మొక్కి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోవద్దు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? దర్శిలో డాక్టరుకు చూపిస్తానన్నావు, చూపించావా? బోరు ఇంకా పోస్తోందా? ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కడివే చదువు. ఫోన్లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టి, కూరల గురించి మాట్లాడి పెట్టేశాను. అందుకే, ఎవరి సాయం లేకుండా నువ్వే చదువుకునేలా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

ఇక్కడ ఫిన్లాండ్ పైకొనలో మూడు వారాలుగా సూర్యుడు పొడవలేదు. మధ్యాహ్నం పన్నెండుకు ఆకాశం కాస్త నీలంగా అవుతుంది, రెండింటికల్లా మళ్ళీ చీకటి. యూనివర్సిటీ దాటితే అంతా అడవే. బస్సులో గంట పోయినా ఒక ఇల్లు కనబడదు. అన్నం, పప్పు వండుకుంటున్నాను. కడుపు నిండుతోంది. తినేటప్పుడు పక్కన మాట్లాడే మనిషి లేకపోవడమే కష్టం.

పోయిన నెల చదువులో భాగంగా మా క్లాసువాళ్ళను ఒక్కొక్కరిని ఒక్కో మందకాపరి దగ్గరికి పంపారు. నన్ను ఐనో అనే ముసలావిడ దగ్గర ఉంచారు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెవి రెయిన్‌డీర్లు. చూడ్డానికి మన దుప్పుల్లా ఉంటాయి, కానీ మన గొర్రెల్లాగే మంద కట్టి మేపుతారు. చలికాలమంతా అవి గిట్టలతో మంచు తవ్వుకుని అడుగునున్న నాచు మేస్తాయి.

ఈసారి చలికాలం నడుమ వాన పడింది. మనకైతే వానంటే సంతోషం. ఇక్కడ ఆ వాన మంచు మీద పడి, తెల్లారేసరికి గాజుపలకలా గడ్డకట్టింది. మేత కిందే ఉంది, నోటికి అందదు. తవ్వి తవ్వి వాటి కాళ్ళ తోలు లేచి మంచు నిండా నెత్తురు. మేము ఎండుగడ్డి తోలుకుపోయి వేశాం. బలమున్నవి తిన్నాయి. మిగతావి నోట్లో పెట్టినా నమల్లేదు.

ఐదో రోజు పెద్దమ్మ తుపాకి తీసింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేద్దామన్నాను. ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పినా, నాకు మన మాటల్లోనే వినబడింది.

"ఆయన వచ్చేతలికి రెండు దినాలు పడతాది. అందాక కాకులు ఆగుతాయా? పానం ఉండంగనే కండ్లు పొడుస్తాయి. తల పట్టుకో బిడ్డా. అది నన్ను చూడగూడదు."

పట్టుకున్నాను. మొదటిది సూడిది, కడుపులో పిల్ల ఉంది. చెవి వెనక ఇంకా వెచ్చగా ఉంది. పదకొండింటిని పట్టుకున్నాను నాయనా. ప్రతిదానికీ ముందు పెద్దమ్మ చేతితొడుగు తీసి, ఉత్త చేత్తో నుదురు నిమిరింది. అంతా అయ్యాక మంచులోనే కూర్చుండిపోయింది. లేపబోతే, "ఉండనీ" అంది.

అక్కడ నిలబడితే నువ్వే గుర్తొచ్చావు. నేను తొమ్మిదో తరగతి చదివేటప్పటి కరువు. మందను నల్లమల వైపు తోలుకుపోయే ముందురోజు, నడవలేని జీవాలను నువ్వే కోశావు. నేను సీసాపాలు తాపి పెంచిన గొర్రెపిల్ల చుక్క కూడా వాటిలో ఉంది.

"నువ్వు కసాయోడివి నాయనా!" అని అరిచాను.

"నడవలేనిదాన్ని దారిలో కుక్కలకు వదిలిపెట్టి పొమ్మంటావా? ఏం జేయాల్నో నువ్వే చెప్పు బిడ్డా," అన్నావు.

నేను తలుపేసుకున్నాను. నెల రోజులు నీతో మాట్లాడలేదు. పెద్దమ్మకు నేనన్నా ఉన్నాను. నీకు ఆ రోజు ఎవరూ లేరు.

నీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఈ సీటు కోసం నా గురించి రాసిచ్చిన కాగితంలో ఆ కరువు సంగతే రాశాను. మా నాయనకు జీవాలంటే జాలి లేదు, ఆయనలా కాకూడదనే ఈ చదువు కోరుకుంటున్నాను, అని రాశాను. ఇక్కడి మేడం దాన్నే మెచ్చుకుంది. నువ్వేమో హైదరాబాద్ దాకా వచ్చి, విమానాశ్రయంలో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా, "మా పాప జీవాల చదువు చదవబోతా ఉంది, దానికి చిన్నప్పట్నించీ జాలి ఎక్కువ" అని చెప్పావు. నేను పక్కనే నిలబడి విన్నాను.

పెద్దమ్మ దగ్గర నుంచి తిరిగొచ్చాక మేడం దగ్గరికెళ్ళి, నేను రాసింది తప్పని చెప్పాను. చిన్నతనంలో అలాగే అనిపిస్తుంది, వదిలెయ్యమంది. నావల్ల కావడం లేదు.

పెద్దమ్మ మందలో సగం కూడా మిగల్లేదు. ఆ మిగిలినవి కూడా ఇంకొకరికి అప్పగిస్తానంటోంది. ఈలోగా ఆదివారాలు పోయి మేత వేసి వస్తున్నాను. చదువు మానను, ఆ భయం వద్దు. నేను బాగానే ఉన్నాను.

వీలైతే అమ్మతో కాస్త కందిపొడి కొట్టించి మార్కాపురం నుంచి పార్సిల్ చెయ్యి. జేజికి, పెదనాయన వాళ్ళకు మొక్కానని చెప్పు.

నీకు కోపం వస్తే కోపంగానే రాయి. రాయకుండా మాత్రం ఉండొద్దు. నీ దీవెన అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ బిడ్డ,
నాగమణి