ఎర్రగడ్డలు కావు, లిల్లీలు

జనవరి 10

ఈస్టర్ లిల్లీ ఆకులు పండిపోయాయి. కోసేసి, గడ్డలు తవ్వి, వరండాలో గోనెపట్టా మీద ఆరబెట్టాను. ఇక కొన్నాళ్లు నీళ్లు తగలకూడదు. చిన్నప్పుడు నేను చెంబు పట్టుకుంటే జేజి, మా నాయనమ్మ, చేతి మీద కొట్టేది — "నిద్రపోనీవే వాటిని. ఇప్పుడు నిద్రపోతేనే పండగకు లేసేది."

అంతా ఆమె నేర్పిందే.

జనవరి 11

జేజి ఒక గడ్డను చేతిలో తిప్పుతూ — "ఈ యేడు ఎర్రగడ్డలు శానా లావొచ్చినాయి గదా పాపా."

లిల్లీగడ్డను ఉల్లిగడ్డ అంటోందని నవ్వాను. ఆమె నవ్వలేదు.

జనవరి 18

కడప నుంచి అత్త ఫోన్. "అమ్మకు మతిమరుపు ఎక్కువైందంట గదా. నా కాడికి పంపీయండి."

అత్తది మూడో అంతస్తు. అత్త డ్యూటీకి పోతే జేజి లోపల, బయట తాళం. కుండీలో కూడా మట్టి లేని ఇల్లు.

"బాగుండాది అత్తా" అన్నాను. అబద్ధం ఇంత సులువుగా వస్తుందనుకోలేదు.

జనవరి 23

నేను స్కూలు నుంచి వచ్చేసరికే జేజి పప్పు దించేసింది. "ఎంత తరిగినా కండ్లల్లో నీళ్లే రాల్యా. ఇదేం ఎర్రగడ్డో!"

వరండాలోకి పరుగెత్తాను. ఒక గడ్డ తక్కువ.

అది విషం. కోళ్లు కూడా ముట్టకుండా పప్పంతా గుంత తీసి పూడ్చాను. నాయనతో నా చేతిలో మాడిపోయిందన్నాను.

"పొయ్యి కాడ పుస్తకం పట్టుకోని కూసుంటే మాడక ఏమైతాది? రేపు నీ మొగుడు హోటల్లో తినాల్సిందే."

నాయనకంటే గట్టిగా నవ్వింది జేజి.

జనవరి 24

మిగిలిన గడ్డలు — అటక మీద, నా పుస్తకాల వెనక.

ఫిబ్రవరి 8

నాటాం. నేనేమీ చెప్పలేదు. ఆమె వేళ్లే చేసుకుపోయాయి. అడుగున ఇసుక, మెడ బయటికి, చుట్టూ మట్టి అదిమి... "మెడ పూడిస్తే కుళ్లుతాది." ప్రాణం లేచొచ్చింది.

చేతులు కడుక్కుంటూ — "ఎప్పుడు పెరుకుదాం? రేటు ఉన్నప్పుడే మార్కెట్ యార్డుకు ఎయ్యాల."

మార్చి 17

నాయనకు వాంతులు. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ వేశాడు. "బయట ఏం తింటివప్పా?"

"సంతలో బజ్జీలు."

పెరట్లోకి పోయి చూశాను. ఒక కుదురు తవ్వేసి ఉంది. విచ్చుకోని మొగ్గ, కాడతో సహా, పక్కన పడేసి ఉంది. వంటింట్లో మిగిలిన కూర. జేజి కంచం పెట్టుకుని కూర్చుంటోంది. లాగేసుకున్నాను.

"నోటికాడి కూడు తీస్తావేందే?"

డాక్టరుకు చెప్పాలి. వాకిలి దాకా వెళ్లాను. చెప్పలేదు.

మట్టల ఆదివారం, పండగకు ఇంకో వారం

నాయన తేరుకున్నాడు. ఇంకా బజ్జీల బండివాణ్ని తిడుతున్నాడు. స్కూలుకు పోయేటప్పుడు వంటింటికి తాళం వేస్తున్నాను.

"తాళమెందుకు పాపా?"

"పిల్లి వస్తాంది జేజీ."

శుభ శుక్రవారం

మిగిలినవన్నీ పూశాయి. ఎర్రగా, ఒక్కో కాడకు నాలుగు. జేజి వాటి పక్కనే మట్టిలో కూర్చుంది.

"లిల్లీలు బాగొచ్చినాయి."

లిల్లీలు అంది.

తర్వాత, నా వైపు చూడకుండా — "ఆ పొద్దు మీ నాయనకు పడనిది నా చేతి కూరే గదా?"

కలుపు పీకుతున్నట్టు వంగాను.

"నిన్నే అడుగుతాండా."

"అవును జేజీ."

చాలాసేపు ఆకుల మీది దుమ్ము తుడిచింది. "రేపు మీ అత్త వస్తాది. నువ్వే చెప్పు. నాకు రేపటికి గుర్తుండదు."

శనివారం

అత్త వచ్చింది. ఇంకా చెప్పలేదు.

అన్నాల దగ్గర జేజి మాటిమాటికీ నా ముఖంలోకి చూసింది. గుర్తుండి చూసిందో... ఊరికే చూసిందో.