త్రీ వుడ్డా, సెవెన్ వుడ్డా, బావా?

బావా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లిపోయి నాలుగు నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. విజయనగరంలో ఎండలు అప్పుడే మొదలయ్యాయి. సాలూరులో నీ లారీలను మా తమ్ముడు చూసుకుంటున్నాడు. వాడి కేకలు అచ్చం నీ కేకల్లాగే ఉంటున్నాయట... డ్రైవర్లు నవ్వుకుంటున్నారట.

అసలు సంగతికి వస్తాను. విశాఖ నుంచి గోల్ఫ్ సామాన్ల షాపతను ఫోన్ చేశాడు. పాపం, చాలా మర్యాదగానే అడిగాడు. సారు ఆడి చూస్తానని పట్టుకెళ్లిన రెండు క్లబ్బుల్లో, అదే ఆ ఫెయిర్‌వే వుడ్స్‌లో, ఏది ఉంచుకుంటారమ్మా, అక్కర్లేకపోతే రెండూ పంపించేయండి అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

ఏది బావా?

రెండూ హాల్లో నీ గోల్ఫ్ సంచిలోనే ఉన్నాయి. మొదట్లో నాకు వాటి మధ్య తేడా తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. పొడుగ్గా ఉండి, బంతికి తగిలే ముఖం నిటారుగా ఉన్నది త్రీ వుడ్. బంతి కిందుగా దూసుకుపోయి చాలా దూరం వెళ్తుంది. కాస్త పొట్టిగా, ముఖం వెనక్కి వాలి ఉన్నది సెవెన్ వుడ్. అంత దూరం పోదు కానీ, బంతి పైకి లేచి మెత్తగా దిగుతుంది. "పేరుకి వుడ్డు, సూస్తే అంతా ఇనుమే" అని నవ్వేవాడివి.

గుండెకు స్టెంటు వేశాక డాక్టరు రోజూ నడవమంటే ఏమన్నావో గుర్తుందా? "ఊరికే నడవడానికి నాను పిచ్చోడినేటి?" అన్నావు. కొత్తవలస అవతల, జీడితోటల మధ్య ఆ చిన్న గోల్ఫ్ మైదానం చూశాక మాత్రం నిన్ను ఇంట్లో పట్టలేకపోయాను. నన్నూ వెంట లాక్కుపోయేవాడివి. నువ్వు కొట్టేవాడివి, నేను నడిచేదాన్ని. నీకు సరదా పుట్టినప్పుడు నా చేతికీ ఒక క్లబ్బు ఇచ్చి కొట్టించేవాడివి. నేను బంతిని వదిలేసి మట్టిని కొడితే, "పర్నేదులే, అక్కడ సెనగలు సల్దాం" అనేవాడివి.

నీ పాత ఫెయిర్‌వే వుడ్ ముఖం మీద చీలిక వచ్చిందని విశాఖ షాపుకి వెళ్లాం కదా... గోడకు తెర కట్టి, ఆ తెర మీదకు బంతి కొట్టమన్నారు. ఎంత వేగం, ఎంత దూరం, బంతి ఎంత తిరిగింది, అన్నీ తెర మీద పడ్డాయి. త్రీ వుడ్ అంకెలు గొప్పగా ఉన్నాయని షాపతను సంబరపడుతుంటే నువ్వు పెదవి విరిచావు. "ఖాళీ లారీ అందరికీ బాగానే ఉంటాది. లోడెట్టి ఘాటీ ఎక్కించు, అప్పుడు తెలస్తాది" అన్నావు. అందుకే రెండూ ఇంటికి తెచ్చుకున్నావు.

తెచ్చుకుని ఏం తేల్చావు? ఒకరోజు త్రీయే అన్నావు. మర్నాడు, అబ్బే, సెవెనే అన్నావు. అన్నం ముందు కూర్చుని కూడా చేతులు ఊపి చూసుకునేవాడివి. పప్పు ఒలికినా తెలిసేది కాదు.

ఇక ఆ రోజు పొద్దున్న... మోకాలు నొప్పని నేను రాలేదు. మైదానం నుంచి ఫోన్ చేశావు. "ఒసే, దొరికీసినాదే!" అన్నావు. అంత సంతోషం నీ గొంతులో విని ఎన్నాళ్లయిందో. ఏమిటని అడిగితే, "ఇంటికొచ్చి సెప్తానుండు" అని పెట్టేశావు.

ఇంటికి రాలేదు.

అక్కడే మైదానంలో బల్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ అలాగే పక్కకు వాలిపోయావట. ఆస్పత్రికి నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఎవరెవరో ఏదేదో అంటున్నారు. నాకు మాత్రం ఒకటే... ఏం దొరికింది? ఏం చెబుదామనుకున్నావు?

అందుకే షాపతను అడిగాక రెండు క్లబ్బులూ పట్టుకుని మైదానానికి వెళ్లాను. నీతో ఆడే స్నేహితులిద్దరూ ఉన్నారు. రిటైరైన స్టేషన్ మాస్టరు సన్యాసిరావు గారు మరోమాట లేకుండా చెప్పారు. "త్రీయేనమ్మా. ఆ రోజు చివరి దెబ్బ దాంతోనే కొట్టినాడు. నా కళ్లతో సూసినాను."

బొబ్బిలి అప్పలనాయుడు అన్నయ్య ఊరుకుంటాడా? "నీ కళ్ల సంగతి నాకు తెల్దేటి? సెవెనే సెల్లీ. ఇంక పెద్దోళ్లమైపోనాం, మనకిదేరా అని నాతో అన్నాడు."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి సన్యాసిరావు గారు మెల్లిగా ఇంకో మాట అన్నారు. "ఆ రోజు జీడితోటలో బంతొకటి పోతే చాలాసేపు ఎతికినాడమ్మా. అదే దొరికిందేమో..."

బంతా? దొరికింది బంతా బావా?

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. వాళ్లిద్దరూ ఏం చెయ్యాలో తెలియక నా చేతిలో నీళ్ల సీసా పెట్టారు.

అప్పుడు ఏమనిపించిందో ఏమో, చీర కుచ్చిళ్లు దోపుకుని, నేనే కొట్టి చూస్తానన్నాను. నీకేది నచ్చిందో నా చేతికి తెలుస్తుందనుకున్నానా? ఏమనుకున్నానో నాకే తెలియదు. అన్నయ్య గడ్డి మీద బంతులు పరిచాడు. ముందు త్రీ తీశాను. బంతి బల్లిలా పాకింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పాకింది. భుజాలు నొప్పి పుట్టాయి. ఇంక చాలనుకుని కొట్టిన దెబ్బకు మాత్రం ఒక చప్పుడు వచ్చింది... నీ వెనక నడుస్తూ నేను వినే చప్పుడు. బంతి ఎటు పోయిందో నేను చూడలేదు. వెనక్కి తిరిగి చూశాను, నువ్వున్నావేమోనని.

మళ్లీ ఎంత కొట్టినా ఆ చప్పుడు రాలేదు.

సెవెన్‌తో అంత కష్టపడలేదు. రెండో దెబ్బకే బంతి లేచింది. జీడిచెట్ల తలల మీదుగా పోయి పచ్చికలో దిగింది. "సెబాసు సెల్లీ!" అని అన్నయ్య అరిచాడు. నాకు సంతోషమేసింది బావా. నిజం చెబుతున్నాను, మనసారా సంతోషమేసింది. నువ్వు పోయాక మొదటిసారి. మరుక్షణం, ఇదేమిటి ఇలా సంతోషిస్తున్నాను అనిపించింది. నీ కోసం వెతకడానికి వచ్చి, నాకేది బాగుందో చూసుకుంటున్నానా?

ఇంటికొచ్చాక రెండూ సోఫా మీద పెట్టుకుని కూర్చున్నాను. త్రీలో నువ్వున్నావు, కానీ అది నాకు లొంగదు. సెవెన్ నా చేతికి వస్తుంది, కానీ అందులో నువ్వున్నావో లేదో తెలియదు. రెండూ ఉంచేసుకుందామా అనుకున్నాను. రెండూ పంపించేద్దామా అని కూడా అనుకున్నాను. అమ్మాయిని అడిగితే, "ఎవరు ఆడతారో ఆళ్లకి పనికొచ్చింది ఉంచమ్మా" అంది. ఎవరు ఆడతారు? ఆ మాట నేనెందుకు అడగలేదు దాన్ని?

నిన్న షాపతనికి ఫోన్ చేశాను. త్రీ పంపించేస్తున్నాను, సెవెన్ ఉంచుకుంటున్నాను అన్నాను. ఎవరికని అడిగాడు. నాకేనన్నాను. నా ఎత్తు అడిగాడు. అయితే మీకు పొడుగవుతుందమ్మా, పిడి తీసి, కాడ పైన కొంచెం కోసి, మళ్లీ పిడి తొడగాలి అన్నాడు. ఆగి, "ఒకసారి కోసేస్తే ఇంక సారు ఎత్తుకి రాదమ్మా..." అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నట్టున్నాడు.

సెవెన్ పిడిని ఒకసారి గట్టిగా పట్టుకుని చూశాను.

కొయ్యమన్నాను బావా.

తప్పు చేశానా? నీకు దొరికింది త్రీ అయితే? అసలు దొరికింది బంతే అయితే? ఎవరినడగను?

ఆదివారం ఆటకు రమ్మని అన్నయ్యా, సన్యాసిరావు గారూ పిలిచారు. వెళ్తాను. చీరతో కుదరడం లేదు, అమ్మాయి చుడీదార్ ఒకటి సర్ది పెట్టింది. మోకాలికి పట్టీ వేసుకుంటాను. నువ్వేమీ దిగులు పడకు.

ఉంటాను మరి.

నీ మరదలు,
పార్వతి