దిగువ చేనులో జీలుగ

తమ్ముడూ, సర్కారు వాళ్ళు ఎరువు బస్తాలు చవకగా ఇస్తున్నారు, ఇంక పేడకుప్పలెందుకని నా చేత ఎడ్లు అమ్మించావు. ఇన్నేళ్ళయినా ఆ మంట నాకు చల్లారలేదు. ఇక్కడ మనుషులం క్షేమం, నేలే బాగాలేదు. ఏటా చవక బస్తా, ఏటా మొక్కజొన్న. దిగువ చేను ఇటుకలా బిగుసుకుపోయి గునపం దిగడం లేదు. అందుకే ఈసారి జీలుగ చల్లాను. పూతకు రాగానే దున్ని మట్టిలో కలిపేస్తే నేల మళ్ళీ గుల్లబారుతుంది.

నిన్న బస్తాల ఆఫీసరు వచ్చి, "ఇది పంట కాదు తాతా. పీకేసి మొక్కజొన్న వెయ్యి, లేకపోతే రెండు చేలకూ బస్తాలు ఆపేస్తాం" అన్నాడు.

"ఈ చేను మీ మామ ఇచ్చాడా?" అన్నాను.

"నీదీ కాదుగా, నీ తమ్ముడి పేరున ఉంది" అన్నాడు. గట్టు మీద చేరిన ఊరివాళ్ళందరూ నవ్వారు.

మరదలి మోకాలు ఎలా ఉంది? నా ముతక దుప్పటి మీ ఇంట్లోనే ఉండిపోయింది, పంపించు. పిల్లలకు నా దీవెనలు.

ఆఫీసరు మంగళవారం మళ్ళీ వస్తాడు. బస్తాలు పోయినా సరే, జీలుగ ఉంచమని నీ చేత్తో రాసి పంపు. పీకాలంటే నువ్వే వచ్చి పీకు, నేను ముట్టను. సోమవారంలోగా నీ జవాబు నా చేతిలో ఉండాలి.

మీ అన్న