అమ్మ కారుకు ఏ ఇంజను

అక్కా,

నీ ఉత్తరం అందింది. అమ్మ దగ్గర కారు తాళం తీసేసుకోమని, లేకపోతే నువ్వే వచ్చి తీసుకుంటానని ఒంటికాలిమీద లేచావు. కోపంగా ఉన్నవాళ్లకు కోపం తెప్పించే జవాబే రాస్తున్నాను, కాస్త కూర్చుని చదువు. బావగారికి మాత్రం చదివి వినిపించకు. ఆయన ఎలాగూ నీ వైపే మాట్లాడతారు.

నీ భయం నాకు అర్థమైంది. ఆ రోజు ముందు సీట్లో ఉన్నది నువ్వు. గుట్ట సగం ఎక్కాక ఇంజను ఊపిరందక ఆగిపోవడం, బండి వెనక్కి జారడం, వెనక లారీవాడు హారను మోగించడం, వెనక సీట్లో నర్సమ్మా, ఆసుపత్రి వంటాయనా, టైలరుగారూ ఒకరి చేతులు ఒకరు పట్టుకోవడం, అన్నీ నీ కళ్లముందే జరిగాయి. పై ప్రాణాలు పైనే పోయి ఉంటాయి. కాదనను. కానీ ఆ తర్వాత జరిగింది కూడా నువ్వు చూశావు కదా, అది ఉత్తరంలో ఎందుకు రాయలేదు? అమ్మ హ్యాండ్‌బ్రేకు లాగి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి లారీని ఆపి, మీ నలుగుర్నీ దింపి, ఖాళీ బండిని రివర్సులో మలుపు దాకా దించి ఓ పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. నేనైతే ముందు లారీవాడితో గొడవ పెట్టుకునేవాణ్ని, బండి సంగతి తర్వాత చూసేవాణ్ని.

అమ్మ రిటైరయ్యాక ఇద్దరు మనుషులు బజారుకు వెళ్లి రావడానికని కొన్న కారు అది. సిటీ బస్సు నడిపినావిడ ఊరుకుంటుందా? గుట్టమీద ఆసుపత్రికి బస్సు వెళ్లదు, రోడ్డు ఇరుకు. అందుకని రోజూ పొద్దున్నే ముగ్గుర్ని ఎక్కించుకుని పైకి తీసుకెళ్తోంది. నర్సమ్మ డ్యూటీకి, వంటాయన వంటకి, టైలరుగారు సూదిమందుకి. వాళ్లు డ్రైవరమ్మా అని పిలుస్తుంటే మన అమ్మ మొహం చూడాలి నువ్వు.

ఇప్పుడు నీకు తెలియనిది చెబుతాను. ఆ రోజునుంచి ఆ ముగ్గురూ కారెక్కడం లేదు. ఎవరూ మొహంమీద చెప్పరు, మంచివాళ్లు. "ఒళ్లు పెరిగిపోయింది డ్రైవరమ్మా, నడిచి వెళ్తా" అంటుంది నర్సమ్మ. వంటాయనకి దారిలో ఎవరితోనో పని. టైలరుగారు పాపం అబద్ధం చెప్పలేక తల వంచుకుని వెళ్లిపోతాడు. అమ్మ మాత్రం రోజూ తయారై, బండి స్టార్టు చేసి, వీధి మూలమీద ఆపుకుని ఉంటోంది. వాళ్లు దాటిపోయాక ఇంటికొచ్చి, ఇంజను ఆపి, అందులోనే కూర్చుంటోంది. నా రిపేరు షెడ్డు షట్టరు ఎత్తుతూ రోజూ చూస్తున్నాను. నేను వెళ్లి ఆ తాళం తీసుకోవాలంటావు. నావల్ల కాదు.

అందుకని బండికే బలం పెంచుదామనుకుంటున్నాను. దానికి రెండు దారులు. ఒకటి, ఉన్న ఇంజనుకే సూపర్‌ఛార్జరు తగిలించడం. అదొక గాలి యంత్రం, బెల్టుతో తిరుగుతుంది. ఇంజను తనంతట తాను పీల్చేదానికన్నా ఎక్కువ గాలి లోపలికి తోస్తుంది, బలం పెరుగుతుంది. రెండోది, ఈ ఇంజను దింపేసి పెద్దది ఎక్కించడం. అది పెద్ద తతంగం. బండి ముక్కు బరువెక్కుతుంది, ముందు స్ప్రింగులూ బ్రేకులూ మార్చాలి, ఇంజను కూర్చునే బిగింపులు కొత్తగా వెల్డింగు చేయాలి, రిజిస్ట్రేషన్లో ఇంజను నంబరు మార్పించాలి. నేను సూపర్‌ఛార్జరే అనుకున్నాను. కుర్రకారుకి ఎన్ని బిగించలేదు! అది పలికే ఈల వింటే నాకు అన్నం కూడా అక్కర్లేదు. ఒక్క అవకాశం ఇవ్వు అక్కా, బతిమాలుతున్నాను.

తాళం తీసుకోలేని
నీ తమ్ముడు

*

అక్కా,

"ఏమైంది నీ సర్కస్సు?" అని ఒక్క ముక్క రాసి పడేశావు. చెబుతాను, నవ్వుకో.

సూపర్‌ఛార్జరు బిగించాను. గర్వంగా చెబుతున్నాను, పని శుభ్రంగా వచ్చింది. ముందు నేనే గుట్టెక్కించి చూశాను. ఈల వేసుకుంటూ ఒక్క ఊపులో పైకి పోయింది. పక్క షెడ్డు వెల్డింగాయన వచ్చి నోరు వెళ్లబెట్టాడు. ఇక అమ్మకిచ్చి, పక్కన కూర్చుని, ఆవిడ మొహం వెలిగిపోవడం చూద్దామనుకున్నాను. అమ్మ గుట్ట మొదలు దాటింది, కొంచెం ఎక్కింది, బండి ఎప్పట్లాగే రొప్పడం మొదలుపెట్టింది. "ఏం మార్చావురా? నాకేం తేడా తెలియట్లేదు" అంది.

తప్పు యంత్రానిది కాదు, నాదే. నేను బిగించిన రకం ఇంజను వేగంగా తిరిగితేనే గాలి తోస్తుంది, మెల్లగా తిరిగితే ఊరికే కూర్చుంటుంది. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లంతా ఇంజనుని అరిపించి నడిపేవాళ్లే కాబట్టి నాకు అదే అలవాటు. అమ్మ నడిపేది బస్సు. ఇంజను గొంతు పెంచేలోపే గేరు మార్చేస్తుంది. ఆ డ్రైవింగు చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగాను. అమ్మ బస్సులో నిలబడి నిద్రపోయేవాళ్లని కూడా చూశాను. అయినా బిగించేటప్పుడు నా బుర్రకి తట్టలేదు చూడు.

"తొక్కమ్మా, ఇంకా తొక్కు" అన్నాను.

"తొక్కితే వెనకున్నవాళ్ల తలలు సీటుకి కొట్టుకుంటాయి."

"వెనక ఎవరూ లేరు కదమ్మా!"

"లేనప్పుడు తొక్కితే ఉన్నప్పుడూ అలాగే తొక్కుతాం. అలవాటు కాలికి పడుతుందిరా, మనకి చెప్పి పడదు."

ఇంటికొచ్చాక బానెట్టు ఎత్తి, చీరకొంగు దోపుకుని, ఒక్కొక్కటీ అడిగింది. మెల్లగా తిరిగినా గాలి తోసే రకం లేదా అంది. ఉందన్నాను. అది పెడితే ఏమవుతుందంది. పాత ఇంజను కాబట్టి ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, వేడెక్కుతుంది, పిస్టన్లు మార్చి జాగ్రత్తగా చూసుకుంటే లాగుతుందన్నాను. అప్పుడు అమ్మ ఒక మాటంది అక్కా, అది నీకు ఉన్నదున్నట్టు రాయాలి.

"ఇది చిన్నదిరా. దీనిచేత పెద్దదాని పని చేయిద్దామంటున్నావు. చేస్తుంది, చేయదని కాదు. మీ నాన్న పోయాక నేను చేయలా? పొద్దున బస్సు, సాయంత్రం మీ చదువులు, ఒక్కదాన్నే ఇద్దరి పని. బాగానే చేశాను కూడా. కానీ అప్పుడెవరైనా వచ్చి, ఇంకో మనిషిని తోడు పెట్టనా అంటే వద్దనేదాన్నా? దీన్ని తీసేసి పెద్దది పెట్టు."

ఎప్పుడైనా అమ్మ నోట ఆ మాట విన్నావా? కష్టమైందని మనకెన్నడూ చెప్పలేదు. నేను రెంచీ వెతుకుతున్నట్టు బల్లకింద దూరి కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ చూసే ఉంటుంది, చూడనట్టు ఊరుకుంది. నువ్వు వద్దన్నా సరే, పెద్ద ఇంజనే పెడుతున్నాను.

ఈల పోయిన
నీ తమ్ముడు

*

అక్కా,

నిలబడి చదువుతుంటే కూర్చో. బావగారికి కూడా చదివి వినిపించొచ్చు ఈసారి.

పాత బళ్లు విప్పే యార్డుకి అమ్మా నేనూ కలిసే వెళ్లాం. అదే కంపెనీ వ్యానుది ఒక ఇంజను దొరికింది. యార్డువాడు దాని గొప్పలు చెబుతూనే ఉన్నాడు, అమ్మ నూనె మట్టం చూసే పుల్ల తీసి వాసన చూసి, ఇంజను ముందువైపు పుల్లీని చేత్తో తిప్పి, "ఇది మర్యాదగా నడిపినవాళ్ల దగ్గరనుంచి వచ్చింది" అంది. విప్పి చూస్తే లోపల అద్దంలా ఉంది. స్ప్రింగులు మార్చాను, బ్రేకులు మార్చాను, వెల్డింగాయన బిగింపులు చేసిపెట్టాడు, కాగితాలకోసం తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కటే నాకు నచ్చలేదు. వ్యాను క్లచ్చు గట్టిది. ఎడమ కాలికి పని ఎక్కువ. అమ్మతో అంటే, "తెలుసు, కానివ్వు" అంది. పెద్ద ఇంజను కోరినప్పుడే ఆవిడకి ఆ సంగతి తెలుసని నాకు అప్పుడు తట్టలేదు.

బండి తయారయ్యాక నర్సమ్మని పిలుస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మనుషులు తర్వాత" అని నాలుగు ఇసుక బస్తాలు తెప్పించి, మూడు వెనక సీట్లో, ఒకటి ముందు కూర్చోబెట్టి బెల్టులు పెట్టించింది. వీధంతా బయటికొచ్చి చూసింది. "డ్రైవరమ్మా, వాళ్లు టిక్కెట్టు తీసుకున్నారా?" అని వంటాయన అరిచాడు. నాకు చోటు లేక మోటారుసైకిలుమీద వెనకాలే వెళ్లాను.

అక్కా, ఆ ఎక్కడం నువ్వు చూసి ఉండాల్సింది. నాకు మాటలు చాలవు. మూడో గేరు, ఇంజను గొంతు అసలు పెరగలేదు. మలుపులో బస్తా కూడా పక్కకి ఒరగలేదు. మీరంతా దిగిన చోటు వచ్చింది, పోయింది. అరవలేదు, జారలేదు, ఎక్కడా తొందరపడలేదు. నేను ఇన్నేళ్లుగా బళ్లకి బలం పెంచుతున్నాను. ఆ బలాన్ని ఎలా వాడాలో తెలిసిన మనిషిని మాత్రం ఆ వేళే చూశాను, ఆ మనిషి మన అమ్మ అని గర్వంతో నా ఒళ్లు పులకరించింది.

పైన ఆసుపత్రి గేటు దగ్గర ఆపింది. ఇంజను మాత్రం ఆపలేదు. దిగి, తలుపు తెరిచే ఉంచి, "ఇటు రా, కూర్చో" అంది. నేను వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను. కిటికీ దగ్గర నిలబడి మొదలుపెట్టింది. "ముక్కు బరువు. దిగేటప్పుడు మలుపుకి ముందే బ్రేకు వేసుకో, మలుపులో వేయకు. ఎక్కేటప్పుడు మూడోదే చాలు. టైలరుగారు ఎక్కేటప్పుడు బండి కదలనివ్వకు, ఆయనకి అడుగు ఆనడానికి టైం పడుతుంది."

"ఇదంతా నాకెందుకమ్మా?"

"డ్యూటీ అప్పగింతరా. డిపోలో ఇలాగే. ఇంజను తిరుగుతుండగా సీటిస్తాం, బండి గుణం చెబుతాం, అప్పుడు ఇంటికెళ్తాం."

నేను తెల్లమొహం వేశాను. అప్పుడు చెప్పింది. ఆ రోజు బండికి బలం చాలని మాట నిజమేనట. కానీ ఎడమ మోకాలు కూడా ఒక్క క్షణం ఆలస్యంగా కదిలిందట. బస్సు క్లచ్చు తొక్కీ తొక్కీ అరిగిన మోకాలు. "మీ అక్క సగం చూసింది, నువ్వు సగం చూశావు. నాకు రెండూ తెలుసు" అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. నాకు కోపం కూడా వచ్చింది, దాచను.

"బండి ఆగిన చోట దిగిపోతే దాన్ని దిగడం అనరురా, దించేశారంటారు. నేనట్లా దిగను. పైగా ఆ ముగ్గురూ నడుస్తున్నారు కదా, వాళ్లకి బండి కావాలి. నా ఒక్కదానికైతే ఇంజను ఎందుకు మార్పిస్తాను? తర్వాత నడిపేవాడికి బలం ఉన్న బండి ఇవ్వాలి."

ఏడ్చాను అక్కా. బల్ల ఏదీ లేదు దూరడానికి. అమ్మ నా నెత్తిమీద ఒక్కటి వేసి, "క్లచ్చుమీద కాలు పెట్టుకుని ఏడవకు, ప్లేటు కాలుద్ది" అంది.

నువ్వు చెప్పినట్టే తాళం నా దగ్గరుంది. ఎవరూ తీసుకోలేదు, ఆవిడే ఇచ్చింది. ఆ తేడా నీకు తెలియాలని ఇంత రాశాను. షెడ్డు ఇక కాస్త ఆలస్యంగా తెరుస్తాను.

ఇవాళ పొద్దున మొదటి ట్రిప్పు. మూలమీద నర్సమ్మ, వంటాయన, టైలరుగారు ముగ్గురూ నిలబడి ఉన్నారు, బస్తాలు ఎక్కడం అందరూ చూశారుగా. వాళ్లు వెనక ఎక్కారు. అమ్మ ముందు, నా పక్కన. అన్నీ సరిగానే ఉన్నాయి, నేనే బండి కదపలేకపోయాను. ఇంతమందిని కూర్చోబెట్టుకుని అమ్మ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అమ్మ వెనక్కి తిరిగి తలుపులు చూసింది, టైలరుగారి కాళ్లు చూసింది. తర్వాత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తలుపుమీద రెండుసార్లు గట్టిగా కొట్టి అంది:

"రైట్... రైట్!"

నీ తమ్ముడు,
పొద్దుటి డ్యూటీ డ్రైవరు